కొమ్ముచీమ పేరు

"అరగంటే టైము," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చీమల మాస్టారి గది తాళం తీస్తూ. "ఆ తర్వాత సీలు వేసేసి నా దారిన నేను పోతాను. నీ మొహం చూసి ఒప్పుకున్నాను వదినా. ఇంకెవరైనా అయితే మూసేసిన కేసులో వేలు పెట్టనిచ్చేవాణ్ణే కాదు."

"నా మొహం చూసి కాదులే, మీ అన్నయ్య మొహం గుర్తొచ్చి," అంది డిటెక్టివ్, చేతులకు రబ్బరు తొడుగులు ఎక్కించుకుంటూ.

ఇన్‌స్పెక్టర్ తలుపు తోసి పక్కకు తప్పుకున్నాడు. డిటెక్టివ్ భర్త అతనికి స్వయానా అన్న. ఇప్పుడు ఇతను కూర్చుంటున్న కుర్చీలోనే కూర్చుని, డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత ఆవిడ వేలిముద్రల విభాగంలో తన ఉద్యోగానికి రాజీనామా పారేసి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అప్పటినుంచీ ఈ వదినా మరుదులు ఇంట్లో ఏ పెళ్ళో పేరంటమో అయితే పక్కపక్కనే కూర్చుంటారు. కేసు దగ్గర ఎదురుపడితే మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

మూడు రోజుల క్రితం ఈ గదిలోనే, ఈ బల్ల మీదే తల వాల్చి చనిపోయి కనిపించాడు చీమల మాస్టారు. మ్యూజియంలో పురుగుల విభాగానికి ఆయనే పెద్ద. చేతి దగ్గర టీ ఫ్లాస్కు, కప్పు. కప్పు అడుగున విషం. పక్కన, పట్టుకున్న పురుగుల్ని చంపడానికి వాడే విషం సీసా. అంతకు ముందురోజు పొద్దున్నే ఆయన పరువు కాస్తా బజారున పడింది.

చెట్టు నుంచి కారిన జిగురు కోట్ల ఏళ్ళు మట్టిలో మగ్గి రాయిగా మారితే దాన్ని అంబర్ అంటారు. అలాంటి ఒక తేనెరంగు ముక్కలో, ఎప్పుడో అంతరించిపోయిన చీమ ఒకటి మాస్టారి కంటపడింది. తల మీద కొమ్ము, దానికి ఎదురుగా పైకి తిరిగిన కొడవళ్ళలాంటి దవడలు. ఇవాళ భూమ్మీద తిరిగే ఏ చీమకీ అలాంటి తీరు లేదు. కొత్త జాతిని కనిపెట్టినవాడికి దానికి పేరు పెట్టే హక్కుంటుంది. తొమ్మిదేళ్ళ వయసులో జ్వరమొచ్చి పోయిన తన ఒక్కగానొక్క కూతురి పేరు పెట్టాడు మాస్టారు.

ఆ ముక్కను పరీక్షించడానికి బయటినుంచి నిపుణులు వచ్చారు. బీరువాలోంచి తీయించి, సూది కాల్చి గుచ్చారు. అసలు అంబర్ అయితే సూదికి అంత తేలిగ్గా లొంగదు. ఇందులోకి మాత్రం సూది వెన్నలో దిగినట్టు దిగింది. ఇది అంబర్ కాదు, నిన్నమొన్నటి జిగురు, లోపలున్నది ఇప్పటి చీమే, కొమ్ము తెచ్చి అతికించారు అని తేల్చేసి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున మాస్టారు శవమై కనిపించాడు. మోసం బయటపడింది, సిగ్గుతో చచ్చాడు, కేసు మూత. ఇన్‌స్పెక్టర్ లెక్క అంతే. ఇక రేపు జాతుల పేర్లు తేల్చే కమిటీ కూర్చుని ఆ పేరును కొట్టెయ్యబోతోంది.

"ఆయన్ని నువ్వెలాగూ తెచ్చివ్వలేవు తల్లీ," అంది మాస్టారి భార్య, నిన్న డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి. "నా కూతురి పేరు మాత్రం కొట్టెయ్యనివ్వకు. దాన్ని ఒకసారి పోగొట్టుకున్నాను. మళ్ళీ పోగొట్టుకోవడం నావల్ల కాదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ఏడవలేదు. ఏడిస్తేనే బాగుండేదని డిటెక్టివ్‌కి అనిపించింది. ఇప్పుడు కూడా ఆవిడ వరండాలో బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రావద్దన్నా వచ్చింది.

డిటెక్టివ్ ముందు విషం సీసాను అందుకుని వెలుగుకు పట్టింది. సీసా అడుగున అరవేలు మందాన తెల్లటి సున్నపు పూత గట్టిగా పేరుకుని ఉంది.

"ఇది చూశావా?"

"చూడకేం? విషం సీసా. దీంట్లోది కప్పులో వేసుకున్నాడు, తాగాడు."

"ఎలా వేసుకున్నాడు మరిదిగారూ? విషం పైన పోసి ఉండదు. ఈ పూత కింద ఉంటుంది. సన్నగా ఆవిరి మాత్రం పైకొస్తుంది, దానికే పురుగులు చస్తాయి. లోపలి సరుకు కావాలంటే పూత పగలగొట్టాలి. ఇక్కడ గోటి గీత కూడా లేదు."

ఇన్‌స్పెక్టర్ సీసా లాక్కుని చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పూత మీద చిన్న పగులైనా కనిపిస్తుందేమోనని గోడ పక్కకెళ్ళి మరీ చూశాడు.

"ఇంకో సీసా ఉండి ఉంటుంది," అన్నాడు చివరికి.

"ఉండి ఉంటుంది. ఎక్కడుంది? గదంతా వెతికానన్నావుగా."

"నీకిదొక అలవాటు వదినా. పూర్తయిన దాన్ని పీకి పాకం పెడతావు."

"పాకం నువ్వే పెట్టావు. నేను పాకంలో పడ్డ చీమలు ఏరుతున్నాను. ఆ ఫ్లాస్కు సంగతేమిటి?"

"అందులో టీ మంచిదే, విషం లేదు. కప్పులోనే ఉంది. మధ్యాహ్నం భోజనానికెళ్ళినప్పుడు ఇంటినుంచి ఆయనే పట్టుకొచ్చుకున్నాడు. భార్యే చెప్పింది, తను ఆ రోజు ఇల్లు కదల్లేదట."

డిటెక్టివ్ తలూపి, అసలైన సాక్ష్యం అడిగింది. ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ కవర్లోంచి ఆ దొంగ అంబర్ ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. చింతగింజకి కాస్త పెద్దది. ఒక పక్క అద్దంలా మెరుస్తోంది. రెండో పక్క మసక. ఆ మసకలో, భూతద్దం పెట్టి చూస్తే, చక్రాల్లా తిరిగిన సన్నటి గీతలు స్పష్టంగా దిగి ఉన్నాయి. ఒక బొటనవేలు ముద్ర. సిరాతో తీసినా అంత బాగా రాదు.

"దీన్నెవరూ పట్టించుకోలేదా?"

"నిపుణులే చూపించారు. జిగురు మెత్తన కాబట్టే వేలు దిగిందన్నారు. మోసానికి అదే రుజువు. చేసింది ఆయన, వేలూ ఆయనదే."

"శవానికి వేలిముద్రలు తీశారుగా? ఈ బొటనవేలు కలిసిందా?"

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "కుడి చేతివి సరిగ్గా రాలేదు. సిరా పట్టలేదేమో అనుకున్నాం."

డిటెక్టివ్‌కి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు వేళ్ళతోనే కాపురం చేసిన మనిషి ఆవిడ. బల్ల మీదున్న వాటర్ పేపర్ ముక్క, అరగదీసే గరుకు కాగితం, తీసి చూపించింది. అంబర్‌ను ముక్కు మీద కళ్ళజోడంత నున్నగా చెయ్యాలంటే, ఆ కాగితాన్ని నీళ్ళలో తడిపి, దాని మీద బొటనవేలితో నొక్కిపట్టి గంటలకొద్దీ అరగదీయాలి. మిషను మీద పెడితే వేడికి పగులుతుంది. రాయి ఎంత అరుగుతుందో వేలూ అంతే అరుగుతుంది. పాతికేళ్ళు అదే పని చేసిన చేతికి ముద్ర ఎక్కడ మిగులుతుంది?

"ఆయనకి వేలిముద్రే లేదు. కావాలంటే గేటు దగ్గర హాజరు మిషన్ని అడుగు. రోజూ పొద్దున్నే అది వద్దంటే, 'దీని లెక్కలో నేను మనిషినే కాదర్రా' అని వాచ్‌మన్‌తో నవ్వేవాడట. ఆయన వచ్చాడని వాచ్‌మనే రాసుకునేవాడు. ఈ వేలు ఆయనది కాదు. పుట్టినప్పటినుంచీ చెక్కుచెదరనిది."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. అన్నగారు పోయాక ఈవిడ ఇంట్లో కూర్చుని ఉంటే తన ఉద్యోగం ఎంత హాయిగా ఉండేదో అనుకున్నట్టున్నాడు, నిట్టూర్చాడు. "అయితే ఎవరిదంటావు?"

"పక్కగదిలో అబ్బాయిని పిలు."

పక్కగదిలో పని మాస్టారి శిష్యుడిది. మాస్టారు అంతరించిన చీమల మనిషి, ఇతను బతికున్న చీమల మనిషి. వెనకా ముందూ ఎవరూ లేనివాడు. చదువుకోవడానికి వచ్చిన నాటినుంచి మాస్టారి భార్యే అన్నం పెట్టింది. పదిహేనేళ్ళయినా ఆ ఇంట్లో అతనికంటూ ఒక కంచం ఉంది, చలేస్తే కప్పుకోవడానికి ఒక దుప్పటి ఉంది. శవానికి తలకొరివి పెట్టిందీ అతనే. మూడు రోజుల్లో మనిషి సగమయ్యాడు. గుమ్మం దగ్గర బెంచీ మీదున్నావిడ వైపు చూడకుండానే లోపలికొచ్చాడు.

డిటెక్టివ్ అతన్ని ఏమీ అడగలేదు. తన భూతద్దం చేతికిచ్చింది. "బాబూ, ఇది కాస్త తుడిచి పెడతావా? మరకలు పడి ఏమీ కనబడి చావట్లేదు."

అతను తలూపి, తెల్లకోటు జేబులోంచి చిన్న సీసా తీశాడు. దూదికి రెండు చుక్కలు తడి చేసి, చేతికి అలవాటైన పనిలాగా అద్దం గుండ్రంగా తుడిచాడు. గదిలోకి ఘాటుగా వాసనొచ్చింది.

"స్పిరిటా?"

"అవునండీ. మా చీమలన్నీ దీంట్లోనే ఉంటాయి. ఏం తుడవాలన్నా చెయ్యి దీని మీదకే పోతుంది."

"మాస్టారు ఈ గదిలోకి స్పిరిట్ రానిచ్చేవారా?"

అతని చెయ్యి ఆగిపోయింది.

"గడప దాటనిచ్చేవారు కాదు," అన్నాడు మెల్లిగా. "అంబర్‌కి పడదని. ఇక్కడ అన్నీ నీళ్ళతోనే."

"అసలు అంబర్‌కైతే కాస్త మెరుపు పోతుందేమో. పసి జిగురైతే పై పొర మెత్తబడుతుంది. తుడిచి పట్టుకున్నవాడి వేలు అందులో దిగిపోతుంది." దొంగముక్కను అతని ముందుకు జరిపింది డిటెక్టివ్. "అంబర్ పని చేసేవాళ్ళెవరూ ఈ పొరపాటు చెయ్యరు బాబూ. బతికున్న చీమలతో పని చేసేవాళ్ళే చేస్తారు. నీ బొటనవేలు చూపించు."

అతను వేలు చూపించలేదు. ఉన్నచోటే నేల మీద కూలబడి, మోకాళ్ళలో తల దాచుకుని ఏడ్చాడు. పెద్దవాడు, గడ్డాలూ మీసాలూ వచ్చినవాడు, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తుంటే చూడటం కష్టమే. ఇన్‌స్పెక్టర్ కూడా కిటికీ వైపు తిరిగాడు.

"నేను విరగ్గొట్టాను," అన్నాడు కాసేపటికి. "నిపుణులు వచ్చిన రోజు దాకా సార్ కంటి ఆపరేషనై ఇంట్లోనే ఉన్నారు, ఆ వారం. నిపుణులు ఫోటోలు అడిగారని బీరువాలోంచి తీశాను. దీపం దగ్గరగా పెట్టాను. మధ్యలో ఫోనొచ్చింది. తిరిగొచ్చేసరికి టప్‌మని రెండు ముక్కలు. సార్‌కి ఏమని చెప్పనండీ? అది ఆయనకి రాయి కాదు. రోజూ పొద్దున్నే దాన్ని చూసి 'లేచావామ్మా' అనేవారు."

"అందుకని ఇంకోటి చేసి పెట్టావు."

"ఎవరూ సూది గుచ్చరనుకున్నాను. పసి జిగురు కరిగించి, చీమను పెట్టి..." మాట మింగాడు. "ఆ రోజు నిపుణులు ఆయన్ని దొంగ అంటుంటే నేనక్కడే నిలబడి ఉన్నాను. నోరు పెగల్లేదు."

ఇన్‌స్పెక్టర్ ఒక్క అంగలో వచ్చి అతని కాలరు పట్టుకుని లేపాడు. "నోరు పెగల్లేదా? చెయ్యి బాగానే పెగిలింది! ముసలాయన కనిపెట్టేశాడు, బయటపెడతాడని విషం కలిపావు. అంతేనా? నీ గదిలో ఎన్ని విషం సీసాలున్నాయి?"

"అయ్యో, లేదు సార్! నేను కాదు!"

"వదినా, ఈ కేసు నీ ఖాతాలోనే వేసుకో. నాకు మాత్రం వీడు కావాలి."

"కాలరు వదులు, మాట్లాడనీ," అంది డిటెక్టివ్. వదల్లేదు గాని పట్టు కాస్త సడలించాడు. "చివరిసారి మాస్టార్ని ఎప్పుడు చూశావు?"

"సాయంత్రం. ఇక దాచలేక వచ్చి కాళ్ళ మీద పడ్డాను. నేను చెప్పకముందే ఆయనకి తెలుసండీ. నిపుణులు వెళ్ళాక ముక్క చేత్తో తాకి, స్పిరిట్‌తో తుడిచిన మసక చూడగానే తెలిసిపోయిందట. ఒక్క మాట తిట్టలేదు. 'పాప ఎలాగూ లేదురా. నువ్వున్నావు. నువ్వు చేశావని తెలిస్తే ఇక నీకు ఈ పనిలో బతుకుండదు' అన్నారు. 'పొద్దున్నే కమిటీ దగ్గరికెళ్ళి మోసం నేనే చేశానని చెప్పేస్తాను, నువ్వు నోరు విప్పితే నా మీద ఒట్టే' అన్నారు. 'మధ్యాహ్నమే మీ అమ్మకి కూడా చెప్పేశాను, చాలా ఏడ్చింది, మెల్లిగా అదే సర్దుకుంటుందిలే' అన్నారు. అప్పుడే అమ్మ టీ పట్టుకొచ్చింది. 'ఇంటికెళ్ళి అన్నం తినరా, మూత పెట్టి ఉంచాను' అని నన్ను పంపించేసింది."

అతనికి తను ఏమన్నాడో తెలియలేదు. ఇన్‌స్పెక్టర్‌కీ తెలియలేదు. డిటెక్టివ్‌కి మాత్రం తెలిసింది. ఆ రోజు ఇల్లు కదల్లేదన్న మనిషి. భర్తని ఎవరు చంపారని ఒక్కసారి కూడా అడగని మనిషి. తలుపు వైపు చూడాలంటే భయమేసింది, అయినా చూసింది.

మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"వాణ్ణి వదిలెయ్యండి బాబూ," అంది. "వాడు పురుగుని తప్ప ఇంకేదీ చంపలేడు. ఆ టీ కలిపింది నేనే. అటక మీద ఆయన పాత సీసా ఒకటి ఉండేది, పూత ఊడిపోయి."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి దానంతటదే కాలరు మీంచి జారిపోయింది. శిష్యుడు "అమ్మా" అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

"బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. వాడు కుర్రాడు, తప్పు ఒప్పుకున్నా మళ్ళీ బతుకుతాడు, పాపకి అదొక్కటే మిగిలిందండీ అన్నాను. వినలేదు. 'బతికున్నవాణ్ణి చూసుకోవాలే' అన్నారు. తనే దొంగనని తన నోటితో చెప్పేస్తే ఇక దాని పేరు ఎవరు నిలబెడతారు? చెప్పకముందే ఆపాలనుకున్నాను. అదొక్కటే అనుకున్నాను, ఇంకేమీ తోచలేదు. తీరా చూస్తే," అని ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది, "ఆయన చావునే మీరు ఒప్పుకోలు కింద రాసేశారు."

"అయితే నా దగ్గరికెందుకు వచ్చారమ్మా?" అంది డిటెక్టివ్. "తవ్వితే మీ దాకా వస్తానని తెలీదా?"

"తెలుసు తల్లీ. నువ్వు వదిలిపెట్టే రకం కాదని అందరూ చెబితేనే నీ దగ్గరికొచ్చాను."

శిష్యుడు చొక్కా లోపలి జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. మూడు రోజులుగా గుండెకి ఆనించుకుని తిరుగుతున్నాడు కాబోలు. దూది మధ్య రెండు తేనెరంగు ముక్కలు. ఇన్‌స్పెక్టర్ ఏమీ అడగకుండా సూది తీసి, దీపం మీద ఎర్రగా కాల్చి, అంచున ఒక మూల గుచ్చి చూశాడు. సూది దిగలేదు. సన్నటి చుక్క మాత్రం పడింది. అతను సూది పక్కన పెట్టేసి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"విరిగిపోయిందిగా," అంది మాస్టారి భార్య. "అయినా సరిపోతుందా? పేరు ఉంటుందా?"

"ఉంటుందమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పగులు కాళ్ళ దగ్గర పోయింది. కొమ్మూ తలా బాగున్నాయి. రేపు కమిటీ ముందు నేనే పెడతాను. ఈ అబ్బాయి జరిగింది చెబుతాడు."

శిష్యుడు చెబుతానని తలూపాడు. ఆవిడ అతని దగ్గరికెళ్ళి, చెమటకి నుదుటికంటుకున్న జుట్టు వెనక్కి తోసింది. ఏమనుకుందో మళ్ళీ చెయ్యి తీసేసుకుంది. ఏ చేత్తో టీ కప్పు అందించిందో ఆ చెయ్యే అది.

"నేనెప్పుడూ దీన్ని చూడలేదు," అంది డిటెక్టివ్‌తో. "రమ్మన్నప్పుడల్లా రేపొస్తానండీ అనేదాన్ని. చూస్తే తట్టుకోలేనని. ఒక్కసారి చూపిస్తావా?"

డిటెక్టివ్ కుర్చీ జరిపి ఆవిణ్ణి కూర్చోబెట్టింది. ముక్కను వెలుగులో పెట్టి, భూతద్దం చేతికిచ్చి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుంది. తేనెరంగులో చిన్న చీమ. కొమ్ము పైకెత్తి, ముందరి కాళ్ళు ఎవర్నో ఎత్తుకోమన్నట్టు చాచి ఉంది.

ఆవిడ చాలాసేపు చూసింది. ఇన్‌స్పెక్టర్ అరగంట మాటే ఎత్తలేదు. తర్వాత ఆవిడ ముందుకు వంగి, ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేకపోయిన పేరు పెట్టి పిలిచింది.

"మీ నాన్నని నీ దగ్గరికి నేనే పంపించేశానే తల్లీ," అంది. "ఆయనకి ఇంకా తెలీదు. నువ్వు చెప్పకు."